మిట్టమధ్యాహ్నం సోలార్ ఎందుకు పడిపోతోంది?

ప్రశ్న: డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. పొద్దున బాగానే వస్తోంది. పన్నెండు దాటాక యాప్‌లో గ్రాఫ్ కిందికి జారుతోంది, ఒక్కోసారి సున్నా. ప్యానెళ్లు పాడయ్యాయా?

జవాబు: ప్యానెళ్ల గురించి టెన్షన్ పడకండి. వేడెక్కితే వాటి ఉత్పత్తి తగ్గే మాట నిజమే. 25 డిగ్రీలు దాటాక డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం పోతుంది. ప్యానెల్ 65 డిగ్రీలకు చేరినా పోయేది 12–16 శాతమే, సున్నా కాదు. నాకు అనుమానం వోల్టేజీ మీద.

ఇంటికి రావాల్సింది 230 వోల్టులు. మిగులు కరెంటును వీధి లైనులోకి పంపాలంటే ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె) లైను కన్నా కాస్త ఎక్కువ వోల్టేజీతో తోయాలి. మధ్యాహ్నం వాడకం తక్కువ, పక్క డాబాల మీదా సోలార్ ఉంటే వోల్టేజీ ఇంకా ఎక్కుతుంది. 250 దాటాక చాలా ఇన్వర్టర్లు ఉత్పత్తి తగ్గిస్తాయి, లేదా ఆగిపోతాయి.

ఒక పని చేయండి. మంచి ఎండలో యాప్ చూపించే గ్రిడ్ వోల్టేజీని, అంటే ఇన్వర్టర్ దగ్గర లైను వోల్టేజీని, రాసుకోండి. అదే సమయంలో ఎలక్ట్రీషియన్‌తో మీటర్ దగ్గర కొలిపించండి. తేడా ఐదారు వోల్టులుంటే తప్పు మధ్యలోని వైరుది. 3 కిలోవాట్లంటే దాదాపు 13 ఆంపియర్లు. 30 మీటర్ల దూరానికి 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేస్తే దాదాపు 6 వోల్టులు అందులోనే పెరుగుతాయి. 6 స్క్వేర్ ఎంఎం వేస్తే రెండున్నర లోపే. పెట్టేవాళ్లు ఖర్చు మిగుల్చుకునేది ఇక్కడే, నష్టపోయేది మీరు.

మీటర్ దగ్గరే 250 దాటితే సమస్య లైనుది. రీడింగులు ఫొటో తీసి కరెంటాఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదివ్వండి. ‘ఇన్వర్టర్‌లో లిమిట్ పెంచేస్తే సరి’ అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఆ వోల్టేజీ మీ ఫ్రిజ్‌కీ, పక్కింటి టీవీకీ అందుతుంది. ఈలోగా బోరు మోటారు, వాషింగ్ మెషిన్ మధ్యాహ్నమే వేసుకోండి.

ప్రశ్న: ఇన్వర్టర్ తగ్గించేసిన కరెంటు ఎక్కడికి పోతుంది? ప్యానెల్ కాలిపోదా?

జవాబు: కాలిపోదు. మామూలుగా ఇన్వర్టర్ ఎక్కువ పవర్ వచ్చే వోల్టేజీని వెతికి ప్యానెళ్లను అక్కడ నిలుపుతుంది. తగ్గించాలనుకుంటే వోల్టేజీని ఇంకా పైకి పోనిస్తుంది, ప్యానెళ్ల నుంచి వచ్చే ఆంపియర్లు పడిపోతాయి. మిగిలిన ఎండ ప్యానెల్‌ను మరికాస్త వేడి చేస్తుంది, అంతే. అందుకే యాప్‌లో సున్నా ఉంది కదా అని డాబా మీద కనెక్టర్లు చేత్తో పీకకండి. ఎండ ఉన్నంతసేపూ ఆ వైర్లలో వోల్టేజీ నిండుగా ఉంటుంది.