సద్దుల బతుకమ్మకు పోలేని పిల్లను ఓదార్చాలంటే

బిడ్డా,

నీ కథ చదివాను. డెంగీతో హన్మకొండ ఆసుపత్రిలో పదహారేళ్ల పిల్ల, బయట బతుకమ్మ పండుగ చివరి రోజైన సద్దుల బతుకమ్మ, మంచం పక్కన మేనత్త. తంగేడు, గునుగు పూసే కాలమూ డెంగీ ముదిరే కాలమూ ఒకటే కాబట్టి ఇలాంటి పిల్ల ఏటా ఏదో ఒక ఇంట్లో ఉంటుంది. అందుకే నాకీ కథ బాగా రావాలని ఉంది.

మేనత్త మాట్లాడేదాకా ఆత్రంగా చదివాను. ఆమె "వచ్చే ఏడాది రాదా బిడ్డా పండుగ" అనగానే పిల్ల కళ్లు తుడుచుకుని నవ్వింది. అంత తొందరగా ఎలా నవ్వుతుంది? ఎండాకాలంలో అక్క పెళ్లయిందని, మొదటి బతుకమ్మకు పుట్టింటికి వచ్చిందని నువ్వే రాశావు. అక్క చీరకు కలిసే రంగులో చెల్లెలికి లంగాఓణీ కుట్టించారు. ఇద్దరూ పద్మాక్షి గుట్ట దగ్గర ఆడాలనుకున్నారు. వచ్చే ఏడు అక్క ఎక్కడుంటుందో, ఒళ్లో పసిబిడ్డ ఉంటుందో ఎవరికి తెలుసు? ఈ పండుగ మళ్లీ రాదు. ఆ పిల్లకు ఆ సంగతి తెలుసు. మేనత్తను కూడా ఒప్పుకోనీ. "అవును బిడ్డా, నాకూ కడుపు తరుక్కుపోతోంది" అని ఊరుకుంటే చాలు. కాసేపు ఏడవనివ్వు.

ఇక రోగం. కథకు అసలు ముడి అక్కడే ఉంది, నువ్వు దాన్ని వాడుకోలేదు. పండుగ ఐదో నాడు, అట్ల బతుకమ్మ రోజున జ్వరం మొదలైతే, తొమ్మిదో నాడు వచ్చే సద్దులకు జ్వరానికి ఐదో రోజు. జ్వరం దిగుతుంది. "ఇప్పుడు తగ్గింది కదా, ఒక్క గంట పంపండి" అని పిల్ల బతిమాలుతుంది. కానీ డెంగీలో ఎక్కువ భయపడాల్సింది అప్పుడే. మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, జ్వరం దిగాక ఒకటి రెండు రోజులు, రక్తనాళాల్లోంచి నీరు బయటికి పోయి, రక్తం చిక్కబడి, బీపీ పడిపోవచ్చు. ఇంట్లోవాళ్లు ప్లేట్‌లెట్ కౌంట్ ఎంతని టెన్షన్ పడుతుంటే, డాక్టరు కడుపునొప్పి ఉందా, వాంతులు ఆగాయా, చిగుళ్ల నుంచి రక్తం వస్తోందా, చేతులు చల్లబడ్డాయా అని చూస్తుంటారు. ఒళ్లు కాలిపోతున్న పిల్లను ఆపడం తేలిక. నుదురు చల్లగా ఉండి, లేచి కూర్చుని బతిమాలే పిల్లకు వద్దని చెప్పాలి మేనత్త. ఆ సీన్ రాయి. నీ కథలో అన్నిటికన్నా కష్టమైనది అదే.

బొప్పాయి ఆకు రసంతో కౌంట్ పెరిగిందన్న వాక్యం తీసెయ్. ఇళ్లల్లో తాగిస్తారు, నిజమే. మేనత్త తెచ్చినా తప్పులేదు. కానీ ఆ రసమే బతికించిందని కథ చెప్పకూడదు. చదివేవాళ్లలో ఎవరింట్లోనో జ్వరం ఉంటుంది. పండుగ ఆరో రోజు బతుకమ్మ అలిగిందని పేర్చరు కదా, దాన్ని పిల్లతో ముడిపెట్టావు. అందంగానే ఉంది గానీ ఈ పిల్లది అలక కాదు, దుఃఖం. అదీ వద్దు.

వీడియో కాల్‌లో ఆట చూపించి పిల్లను మురిపించావు. నాకైతే ఆమె గోడవైపు తిరిగి పడుకుంటుందనిపిస్తుంది. తిరగనీ. ఏటా గునుగుకు రంగు అద్దేది ఈ పిల్లే అని మొదటి పేజీలో రాసి మరిచిపోయావు. పొద్దున్నే అక్కతో ఫోన్ చేయించు. "గులాబీ రంగు పట్టడం లేదే, నీళ్లు ఎంత పోయాలె?" అని నిజంగానే తెలియక అడగాలి. పిల్ల విసుక్కుంటూ చెప్పాలి: "అన్ని నీళ్లు పోస్తే ఎట్ల పడుతది? కొసలు మాత్రమే ముంచు, దులిపి నీడలో ఆరబెట్టు." ఆ విసుగులో ఆమెకు కొంచెం ప్రాణం లేచి వస్తుంది. తను లేకుండా ఇంట్లో పని సాగడం లేదని తెలిసింది కదా. మేనత్త అప్పుడు ఒక్క ముక్క కూడా మాట్లాడక్కర్లేదు, ఫోన్ పట్టుకుని కూర్చుంటే చాలు.

దసరా దాటాక ఇంటికి వచ్చే సీన్ ఉంచు, కానీ ఆమెను గెంతుతూ మెట్లెక్కించకు. డెంగీ తర్వాత నీరసం వారాలపాటు ఉంటుంది. తిరగరాశాక ముందు వార్డులో పనిచేసే ఎవరైనా నర్సుకు చూపించి, ఆమె చెప్పినవి దిద్ది, అప్పుడు నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ