వాడి మాటల గురించి అడగడానికి ఇంగ్లీషు అడ్డొస్తోంది

ప్రశ్న: అమెరికా వచ్చి ఏడాదిన్నర అయింది. బాబుకి రెండేళ్లు నిండాయి, ఇంకా నాలుగైదు మాటలే. డాక్టరు దగ్గర మావారే మాట్లాడతారు, అరగంట మాట్లాడి నాకు చెప్పేది రెండు ముక్కలు. పేరెంటింగ్ క్లాసులు ఉన్నాయంటారు గానీ అన్నీ ఇంగ్లీషులోనే. ఇంట్లో తెలుగు మాట్లాడటం వల్లే వాడికి మాటలు రావట్లేదని తెలిసినవాళ్లు అంటుంటే టెన్షన్‌గా ఉంది. నాకెక్కడ నేర్పుతారు?

జవాబు: ముందు ఆ టెన్షన్ వదిలేయండమ్మా. తెలుగు వల్ల మాటలు ఆలస్యమవుతాయన్నది నిజం కాదు. మీకు పట్టులేని ఇంగ్లీషులో ఆచితూచి మాట్లాడే కన్నా, స్నానం చేయిస్తూ 'చెయ్యి ఇటివ్వు, నీళ్లు వెచ్చగా ఉన్నాయా, ఇదిగో చెంబు' అంటూ గలగలా మాట్లాడటమే వాడికి మేలు. అది మాత్రం ఆపకండి.

అలాగని, రెండేళ్లకి నాలుగైదు మాటలంటే 'మగపిల్లలకి ఆలస్యమేలే' అని ఊరుకోవద్దు. మూడేళ్లలోపు పిల్లల కోసం అక్కడ ప్రతి రాష్ట్రంలోనూ ఎర్లీ ఇంటర్వెన్షన్ ఉంది, అంటే మాటలు, ఎదుగుదల ఆలస్యమైన పిల్లలకి సాయం చేసే ప్రభుత్వ కార్యక్రమం. డాక్టరు చీటీ అక్కర్లేదు, తల్లే ఫోన్ చేసి అడగొచ్చు, పరీక్షకి డబ్బు తీసుకోరు. సాధారణంగా 45 రోజుల్లోపు పరీక్ష, సాయానికి అర్హుడైతే ఏం సాయం చేయాలో మీతో కలిసి నిర్ణయించే మొదటి మీటింగు కూడా పూర్తి కావాలి. ఆ తర్వాత చాలావరకు వాళ్లే ఇంటికొచ్చి, మీ బొమ్మలతోనే, వాడిని ఎలా మాట్లాడించాలో మీకు చూపిస్తారు. మీరు వెతుకుతున్న క్లాసు నా లెక్కలో ఇదే. నంబరు పిల్లల డాక్టరు ఆఫీసులో ఇస్తారు, లేదా స్థానిక సేవల వివరాలు చెప్పే హెల్ప్‌లైన్ 211కి ఫోన్ చేసి అడగండి.

ఇక ఇంగ్లీషు సంగతి. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు, స్కూళ్లు ఇంగ్లీషు సరిగ్గా రానివాళ్లకి తమ ఖర్చుతోనే అనువాదకుల్ని ఏర్పాటు చేయాలి, 1964 నాటి పౌరహక్కుల చట్టం నుంచి వచ్చిన హక్కు అది, దయ కాదు. మీవారి మీద ఆధారపడక్కర్లేదు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే 'తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్' అనండి, భాష పేరు విడమరిచి చెప్పండి, ఉత్తినే ఇండియన్ అంటే హిందీ వాళ్లని లైన్లోకి తెచ్చే ప్రమాదముంది. అర్థంకాని చోట తలూపకండి, మళ్లీ అడగండి, అలా తలూపి ఇంటికొచ్చి బాధపడే తల్లుల ఉత్తరాలు నాకు చాలానే వస్తుంటాయి.

దగ్గర్లోని లైబ్రరీలో పసిపిల్లలకి స్టోరీటైమ్ ఉంటే వెళ్లండి, డబ్బు కట్టక్కర్లేదు, చేతులు ఊపుతూ పాడే పాటలు మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి భాష రాకపోయినా కలిసిపోతారు. ఆదాయం తక్కువైతే ఎర్లీ హెడ్‌స్టార్ట్ గురించి కూడా కనుక్కోండి, మూడేళ్లలోపు పిల్లలతో పాటు తల్లిదండ్రులకీ సాయం చేస్తారు.

ఫోన్ చేసే ముందు ఒక కాగితం మీద బాబు పుట్టిన తేదీ, పిలిస్తే తిరుగుతున్నాడా, కావాల్సింది వేలితో చూపిస్తున్నాడా, ఏయే మాటలంటున్నాడు, అన్నీ రాసుకోండి. 'అత్త', 'పాలు', 'బువ్వ' కూడా రాయండి. తెలుగు మాటలూ లెక్కలోకి వస్తాయి.