వల ముడులు జారుతుంటే

ప్రశ్న: ఫెర్రెట్‌ను (బొరియలో దూరి కుందేళ్లను బయటికి తరిమే ముంగిసలాంటి పెంపుడు జంతువు) వదిలినప్పుడు కుందేలు బొరియ నోటికి పరిచే సంచివల అల్లుతున్నాను. ముడులు జారి కన్నులు (వల గళ్లు) చిన్నాపెద్దా అవుతున్నాయి. ఎందుకు?

జవాబు: తప్పు బొటనవేలిది. పై కన్నును గళ్ల కొలత కోసం వాడే రెండంగుళాల బద్ద అంచుకు ఆనించి, బొటనవేలితో నొక్కిపట్టి, ముడి పూర్తిగా బిగిశాకే వదలాలి. ముందే వదిలితే ముడి కన్ను కిందికి దిగిపోయి ఉత్త చుట్టుగా మిగులుతుంది. నైలాన్ నున్నన కాబట్టి ఇది మరీ ఎక్కువ.

వలకు రెండు కొసలా ఒక్కో రింగు ఉంటుంది. మొదటి రింగుకు 18 కన్నులు ఎక్కించండి. వల మూడున్నర అడుగులయ్యాక చివరి వరసంతా రెండో రింగులోకి తీయండి. లాగుతాడు, అంటే వల మూతిని బిగించే తాడు, అంచు కన్నుల గుండా, రింగుల గుండా వదులుగా సాగాలి. కన్నులకు ముడేస్తే వల మూసుకోదు. లాగుతాడుగా పురిపెట్టిన సన్నతాడు మెలిపడుతుంది, జడతాడే నయం. దాని కొసలు నేలలో దిగేసే గూటానికి కట్టండి.