అరుదైన జర్మన్ ఇంటిపేరును వెదికే పద్ధతి: హాలేలో ఉన్న అమ్మాయికి ఒక లేఖ

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. జర్మనీలోని హాలే నగరంలో ఫ్రాంకే సంస్థల గ్రంథాలయంలో కూర్చుని, మన దేశానికి వచ్చిన జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్ట్సె రాసిన తెలుగు వ్యాకరణం మీద పనిచేస్తున్నావని, ఆయనకంటె ముందు, 1706లో, తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో దిగిన మరొక మిషనరీ బర్తొలొమేయుస్ త్సీగెన్‌బాల్గ్ ఇంటిపేరు దగ్గర నీ పని ఆగిందని రాశావు. ఆ పేరు ఎలా పుట్టింది, ఈనాడు ఎంతమందికి ఉంది అన్న రెండు ప్రశ్నలకు నీ వ్యాసంలో ఒక అధోజ్ఞాపిక, అంటే పుట అడుగున వివరణ, కావాలన్నావు. లైప్జిగ్‌లో గ్రంథాలయ ఉద్యోగం చేసిన రోజులలో ఇటువంటి ప్రశ్నలతో నా బల్ల దగ్గరకు వచ్చినవారు చాలామంది ఉన్నారు. వారికి మొదట చెప్పిన మాటే నీకూ చెబుతాను. నీవు రెండు ప్రశ్నలనుకుంటున్నవి నిజానికి ఒకదానిలో ఒకటి ఇమిడి ఉన్నాయి. పేరు ఎక్కడెక్కడ, ఎంత దట్టంగా ఉందో తేలకముందే దాని అర్థం చెప్పబోవడం, ఊరు పేరు తెలియకుండా ఇల్లు వెదకడం వంటిది. అందుచేత నిఘంటువును పక్కన పెట్టి, ముందు పటం తెరువు.

దీనికి కారణం షుల్ట్సె పేరుతోనే సులభంగా తెలుస్తుంది. షుల్ట్సె అనేది షుల్ట్‌హైస్ అన్న పాత ఉద్యోగనామం అరిగి మిగిలిన రూపం. ఊరివారి చేత బాకీలు, శిస్తులు చెల్లింపజేసే గ్రామాధికారిని, అంటే మన మునసబు వంటివాణ్ణి, అలా పిలిచేవారు. ప్రతి ఊరికీ ఒక మునసబు ఉంటాడు గనుక, ఒకదానితో ఒకటి సంబంధం లేని వందల ఊళ్లలో ఆ ఇంటిపేరు విడివిడిగా పుట్టింది. షుల్ట్సె, షుల్జ్, షుల్టె, షోల్ట్స్ అన్నీ ఆ కోవవే. జర్మనీలో అందరికంటె ఎక్కువమందికి ఉన్న అయిదు పేర్లు, మ్యుల్లర్, ష్మిట్, ష్నైడర్, ఫిషర్, వేబర్, వరుసగా మరపట్టేవాడు, కమ్మరి, దర్జీ, జాలరి, సాలె. అన్నీ వృత్తి పేర్లే కావడానికి కారణమూ ఇదే. ఇటువంటి పేరుకు అర్థం చెప్పడం తేలిక, కాని ఫలానా కుటుంబానికి అది ఎక్కడ వచ్చిందో పేరును చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. అరుదైన పేరు సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. అర్థం చెప్పడం కష్టంగానే ఉంటుంది గాని, అది తరచుగా ఒక్క ఊరిలోనో, ఒక్క ఇంటిలోనో పుట్టి ఉంటుంది గనుక, ఆ చోటును పట్టుకునే ఆశ మిగిలి ఉంటుంది. త్సీగెన్‌బాల్గ్ విషయంలో నీకు ఒక కొస ముందే చేతికి అందింది: ఆయన 1682లో పుట్టింది సాక్సనీలోని పుల్స్‌నిట్స్ పట్టణంలో. డ్రెస్డెన్‌కు ఈశాన్యంగా, ఎగువ లౌజిట్స్ ప్రాంతపు పడమటి అంచున ఉంటుంది ఆ ఊరు. మొదట అక్కడ వేలుపెట్టి, పటం ఆ వేలును సమర్థిస్తున్నదో కాదన్నదో చూడు.

పటాలు ఏవి అన్నది తెలుసుకోవాలి. ఫ్రైబుర్గ్, మైన్జ్ విశ్వవిద్యాలయాల భాషావేత్తలు తయారుచేసిన జర్మన్ ఇంటిపేర్ల అట్లాసు, మైన్జ్ అకాడమీలో 2012 నుంచి పెరుగుతూ వస్తున్న డిజిటల్ ఇంటిపేర్ల నిఘంటువు, ఈ రెండూ 2005 నాటి టెలిఫోన్ ల్యాండ్‌లైన్ వివరాల మీద నిలిచాయి. అవి సుమారు 2.8 కోట్ల కనెక్షన్లు. అప్పటి జర్మనీ జనాభా దాదాపు 8.2 కోట్లు గనుక, ఒక కనెక్షన్ వెనుక ఇంచుమించు ముగ్గురు ఉంటారని లెక్క కట్టి, కనెక్షన్ల సంఖ్యను మూడుతో హెచ్చవేసి మనుషుల సంఖ్యగా చెప్పడం వాడుకలో ఉంది. మ్యుల్లర్ వంటి పేరుకు ఆ లెక్క సరిపోతుంది, ఎందుకంటే లక్షల ఇళ్ల మీద హెచ్చుతగ్గులు సర్దుకుపోతాయి. నాలుగైదు కనెక్షన్లు మాత్రమే ఉన్న పేరుకు అది పనికిరాదు. ఆ నాలుగిళ్లలో ఒంటరి వృద్ధులు ఉండవచ్చు, ఆరుగురు పిల్లల తండ్రి ఉండవచ్చు, భార్య పేరు డైరెక్టరీలో లేకపోవచ్చు, సెల్‌ఫోన్ మాత్రమే వాడే కొడుకు అసలు లెక్కలోకే రాకపోవచ్చు. కాబట్టి అరుదైన పేరుకు మనుషుల సంఖ్య రాయవద్దు. 2005 నాటి ల్యాండ్‌లైన్లలో ఇన్ని కనెక్షన్లు అని, ఏడాదినీ కొలమానాన్నీ విడవకుండా రాయి. ఇది చాదస్తమని నీకు అనిపించవచ్చు. కాని ఏడాది లేని సంఖ్య ఒక పుస్తకం నుంచి మరొక పుస్తకానికి పాకి, పదేళ్లలో ఎవరూ ప్రశ్నించని సత్యంగా నిలబడిపోవడం నేను చాలాసార్లు చూశాను.

పటం మీద కూడా రెండు రకాల రంగులు ఉంటాయి. మొత్తం సంఖ్యను చూపే పటంలో బెర్లిన్, హాంబుర్గ్, మ్యూనిక్ ఎప్పుడూ ముదురుగానే కనబడతాయి, ఎందుకంటే అక్కడికి అన్ని ప్రాంతాలవారూ బతకడానికి వెళ్లారు. పది లక్షల మందికి ఎంతమంది అని చూపే పటాన్ని ఎంచుకో. చిన్న జిల్లా ఒకటి ముదురురంగు తేలితే అదే నీ ఊట. అలాగని ఆ ముదురురంగును గుడ్డిగా నమ్మవద్దు. జనం తక్కువ ఉన్న జిల్లాలో రెండు ఇళ్లున్నా రంగు ముదిరిపోతుంది గనుక, రెండు పటాలనూ పక్కపక్కన పెట్టుకో.

ఒక్కొక్కసారి పేరు ఎక్కడా గుమిగూడకుండా దేశమంతా చెదిరి కనబడుతుంది. అప్పుడు ఆ పేరుకు ఊరే లేదనుకోకు. రెండవ ప్రపంచయుద్ధం చివర, ఆ తరువాత, సైలీషియా, పొమెరేనియా, తూర్పు ప్రష్యా, సుడేటన్‌లాండ్ వంటి చోట్ల నుంచి 1.2 కోట్లమంది జర్మన్లు కదిలిపోవలసి వచ్చింది. వారి పేర్లకు ఊట నేటి జర్మనీ సరిహద్దు అవతల ఉంటుంది, షుల్ట్సె పుట్టిన జొన్నెన్‌బుర్గ్ ఇప్పుడు పోలండ్‌లో ఉన్నట్లు. అందుకే 2005 పటం ఒక్కదానితో ఆగిపోకుండా, వెనక్కు వెళ్లి మొదటి ప్రపంచయుద్ధపు నష్టాల జాబితాలను చూడాలి. గాయపడ్డవారు, చనిపోయినవారు, జాడ తెలియనివారు, బందీలైనవారు, వీరి పేర్లతో 1914 నుంచి 1919 వరకు అచ్చయిన దాదాపు 31,000 పుటలను జర్మన్ వంశావళి సంఘంవారు స్వచ్ఛందంగా చదివి, ఎక్కించి, ఎవరైనా ఉచితంగా వెదకడానికి వీలుగా పెట్టారు. వేలమంది సామాన్యులు సాయంకాలాలు వెచ్చించి చేసిన ఆ పనిని తలచుకుంటే నాకు ఈనాటికీ చేతులెత్తి నమస్కరించాలనిపిస్తుంది. అందులో చాలా పేర్ల పక్కన సైనికుని ఊరు కూడా ఉంటుంది, అంటే పెద్ద వలసకు ముందునాటి పటం మనకు దొరుకుతుంది. అయితే రెండుసార్లు గాయపడిన మనిషి రెండుసార్లు కనబడతాడు గనుక, దానిని జనాభా లెక్కగా వాడకూడదు. చోటును చెప్పే సాక్ష్యంగా మాత్రమే వాడాలి.

చోటు తేలాక అర్థం దగ్గరకు రా. ఇక్కడే తెలివైనవారు కూడా తొందరపడతారు. నేటి జర్మన్ తెలిసినవారికి త్సీగె అంటే మేక, బాల్గ్ అంటే అల్లరి బిడ్డ. కలిపితే ఏదో తిట్టులాగ వినబడుతుంది. ఇంటిపేర్లు స్థిరపడింది 12వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం వరకు గనుక, ఆనాటి భాషలో మాటకు ఉన్న అర్థం కావాలి గాని ఈనాటిది కాదు. ఆనాటి భాషలో బాల్గ్ అంటే జంతువు ఒంటినుంచి ఒలిచిన తోలు, ఆ తోలుతో చేసిన సంచి, కొలిమి దగ్గర గాలి ఊదే సాధనం. మన తెలుగులో దీనికి ఎంత చక్కని మాట ఉందో చూడు: తిత్తి. నీళ్లు మోసే తోలుతిత్తి, కమ్మరి కొలిమితిత్తి, రెండింటికీ అదే మాట. జర్మన్‌లో కూడా కొలిమితిత్తిని నేటికీ బ్లాజెబాల్గ్ అనే అంటారు. కాబట్టి త్సీగెన్‌బాల్గ్ అంటే మేకతోలు, లేదా మేకతోలు తిత్తి. ఆ పేరు మొదట మోసినవాడు మేకతోళ్లు కొని అమ్మినవాడో, తోళ్లు ఊనినవాడో, తిత్తులు కుట్టినవాడో అయి ఉండాలి. లేదా వేషం వల్ల వచ్చిన ఎగతాళి పేరైనా కావచ్చు. తోళ్ల వ్యాపారమే అని నా మొగ్గు, ఎందుకంటే జంతువు పేరుతో సహా తోలును చెప్పడం సరుకును విడదీసి చెప్పుకునేవారి అలవాటు. ఇది నా మొగ్గు మాత్రమే అని నీవు గుర్తుంచుకోవాలి.

అర్థం తెలియగానే ఆ కుటుంబం తోళ్ల పని చేసేదని రాసేయకు. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అని మనవాళ్లు ఊరికే అనలేదు. బర్తొలొమేయుస్ తండ్రి ధాన్యం వ్యాపారి. పేరు పెట్టిన వృత్తి ఎన్నో తరాల కిందటే ఆ ఇంటినుంచి వెళ్లిపోయి ఉంటుంది.

పేరులోని మొదటి భాగం కలిసినంత మాత్రాన చుట్టరికం కలపడం ఇంకొక పొరపాటు. త్సీగ్లర్ అన్న పేరులో మేక లేదు, అది ఇటుక పెంకు అనే అర్థమున్న త్సీగెల్ నుంచి వచ్చింది, ఆ మాట లాటిన్‌నుంచి అరువు. త్సీగెన్‌హైన్ అన్నది హెస్సెలోని ఒక ఊరి పేరు, అక్కడినుంచి వచ్చినవారికి ఇంటిపేరైంది. నీవు పనిచేస్తున్న హాలే ఉత్తరాలలోనే త్సీగెన్‌హాగెన్ అన్న లండన్ రాజాస్థానపు పురోహితుడు తరచు కనబడతాడు. ఆయన పేరు కూడా ఊరి పేర్ల జాతిదే, త్సీగెన్‌బాల్గ్‌తో దానికి చుట్టరికం లేదు. పాత సూచికలు తయారుచేసినవారు ఈ రెండు పేర్లను తారుమారు చేయడం అసాధ్యం కాదు గనుక, ప్రతిసారీ మూలపత్రం చూడు.

ఇక రిజిస్టర్ల సంగతి. ప్రష్యాలో 1874 అక్టోబరు నుంచి, తక్కిన జర్మన్ సామ్రాజ్యమంతటా 1876 జనవరి నుంచి జనన మరణాలను ప్రభుత్వమే నమోదు చేస్తున్నది, ఇంటిపేర్ల వర్ణక్రమం గట్టిపడింది కూడా ఆ నమోదుతోనే. అంతకు ముందటి కాలానికి చర్చి రిజిస్టర్లే దిక్కు, వాటిలో పాదిరి చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. జర్మన్‌లో మాట చివరి గ అక్షరం చాలాచోట్ల క లాగ పలుకుతుంది గనుక, త్సీగెన్‌బాల్క్ అన్న రూపం కోసం, త్సీ లో ie కు బదులు ఒక్క i అక్షరంతో రాసిన రూపం కోసం కూడా వెదుకు. ఆడవారి ఇంటిపేరు చివర ఇన్ అని చేర్చడం ఆనాటి ఆచారం. మ్యుల్లర్ ఇంటి ఆడపడుచు మ్యుల్లరిన్ అవుతుంది. ఇది తెలియనివారు త్సీగెన్‌బాల్గిన్ అని చూసి వేరే అరుదైన పేరు దొరికిందని సంబరపడతారు.

అటువంటి సంబరం నేనూ పడ్డాను. ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో, కుర్రెంట్ అనే పాత జర్మన్ చేతిరాత లిపిలోని ఒక పెళ్లి నమోదులో ఎవరూ ఎరగని ఇంటిపేరు ఒకటి కనబడిందని, దాని పుట్టుక మీద నాలుగు పుటలు రాసి ఒక పత్రికకు పంపాను, అచ్చయింది కూడా. ఆ లిపిలో ఎ (e) అక్షరం, న (n) అక్షరం రెండూ రెండేసి నిలువు గీతలే, దాదాపు ఒకేలా ఉంటాయి. నేను న అక్షరాన్ని ఎ గా చదివాను. అసలు పేరు ఆ జిల్లాలో ఇంటింటా ఉన్న పేరే. దిద్దుబాటు పంపిన నాటి సిగ్గు నాకు ఇంకా గుర్తుంది. అందుచేత ఒకే ఒక్కచోట కనబడే పేరును, రెండవ పత్రంలో కనబడేదాకా పేరుగా లెక్కించకు. సూచికలలో ఉన్న అతి అరుదైన పేర్లలో ఎన్నో ఇలా తప్పుగా చదవడం వల్ల పుట్టినవే.

1876 తరువాతి నమోదులు కావలసివస్తే, చట్టప్రకారం జననానికి 110, పెళ్లికి 80, మరణానికి 30 ఏళ్లు గడిచాకే అవి అందరికీ తెరుచుకుంటాయి. ఆ గడువు దాటనివాటి కోసం గుమాస్తాలను బతిమాలవద్దు. ఈ పేరు ఈనాడు మోస్తున్నవారి నంబర్లు డైరెక్టరీలో దొరుకుతాయి కదా అని ఫోను చేయనూవద్దు; అంత అవసరమైతే నీవెవరో, ఎందుకు అడుగుతున్నావో చెప్పి ఒక ఉత్తరం రాసి, జవాబు రాకపోతే ఊరుకో. వారి పేర్లుగాని ఊళ్లుగాని వ్యాసంలో రానివ్వకు.

అధోజ్ఞాపికలో ముందు పుల్స్‌నిట్స్, తరువాత 2005 పటం, యుద్ధపు నష్టాల జాబితాలు చెప్పింది ఏడాదులతో సహా, ఆ తరువాత పాత భాషలో బాల్గ్ అర్థం, చివర నీ మొగ్గు, నీ మొగ్గు అని స్పష్టంగా చెబుతూ రాయి. ఎనిమిది వాక్యాలు దాటనివ్వకు. కుర్రెంట్ అక్షరాల పట్టిక ఒకటి ఇదే కవరులో పెడుతున్నాను, న, ఎ ల చుట్టూ ఎర్రసిరాతో సున్నాలు చుట్టాను. పుల్స్‌నిట్స్ చర్చి రిజిస్టరు పుట ఛాయాచిత్రం దొరికితే, నీవు చదివింది ఒక కాగితం మీద రాసి, దానిని నాకు చూపకుండా ముందు పుటను మాత్రమే పంపు; నేనూ విడిగా చదివి రాస్తాను, తరువాత రెండూ సరిపోల్చుకుందాం.

ఆశీస్సులతో,
పెదనాన్న