హన్మకొండ గుట్టల్లో ఏది పగులు, ఏది ఫాల్ట్?

2024 డిసెంబరు 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చాక చాలామంది అడుగుతున్న ప్రశ్నే మీరూ అడిగారు: వరంగల్ చుట్టుపక్కల ఫాల్ట్‌ను కంటితో చూడగలమా, గుట్టల మీది చీలికలన్నీ అవేనా? చూడగలం. కానీ ఆ చీలికల్లో చాలామటుకు ఫాల్టులు కావు. ఆ తీవ్రత భూకంపం సాధారణంగా నేల మీద గీత మిగల్చదు కాబట్టి, మీరు వెతకాల్సింది పాత ఫాల్టులనే.

ఫాల్ట్ అంటే రాయి పగిలి, ఆ పగులు వెంట ఒక పక్క జరిగిన చోటు. జరగకపోతే అది వట్టి పగులే. పద్మాక్షి గుట్ట లాంటి గ్రానైటు గుట్టల మీద ఉల్లిపొరల్లా లేచే పలకలు వాలు వెంటే ఉంటాయి. పైనున్న రాయి అరిగిపోయి, బరువు తగ్గి, కింది రాయి విడివడడం వల్ల వచ్చినవి అవి. వాటిని వదిలేయండి.

గ్రానైటులో పొరలు ఉండవు. కాబట్టి జరుగుడు కొలవడానికి వేరే గీత కావాలి. తెల్ల పలుగురాతి చారలు, నల్లటి డోలరైట్ డైకులు (కరిగిన రాయి పగుళ్లలోకి ఎక్కి గడ్డకట్టిన గోడల్లాంటి పట్టీలు) ఆ పనికొస్తాయి. చార ఒక పగులు దగ్గర తెగి, అవతల పక్కకు తప్పుకొని మళ్లీ మొదలైతే టేపు తీయండి. ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. డైకు నిట్టనిలువుగా ఉంటే, నేల నిలువుగా ఎంత కుంగినా పైనుంచి చూస్తే అది పక్కకు తప్పదు. తప్పిందంటే రాయి అడ్డంగానూ జరిగినట్టే. అదే డైకు 60 డిగ్రీల వాలులో ఉండి, దానికి అడ్డంగా ఉన్న ఫాల్ట్ వెంట ఒక పక్క 20 మీటర్లు నిలువుగా దిగితే, పైభాగం అరిగాక అది సుమారు 11.5 మీటర్లు పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. అందుకే డైకు వాలు కొలవకుండా ఏ మాటా చెప్పొద్దు.

ఇంకో మోసం ఉంది. కొన్ని డైకులు పుట్టినప్పుడే ముక్కలుముక్కలుగా, మెట్లలా వస్తాయి. చివర సన్నబడి ఆగితే అది పుట్టుకే. మొద్దుగా తెగి, పక్కనే నలిగిన రాతిముక్కలు మళ్లీ అతుక్కున్న గట్టి పట్టీ ఉంటే ఫాల్టే. ఆ పగులు తలం మీద రాపిడి గీతలు వెతకండి. పొద్దున లేదా సాయంత్రం ఏటవాలు ఎండలో బాగా తేలతాయి. అరచేత్తో గీతల వెంట రెండు వైపులా నిమిరితే ఒకవైపు నునుపుగా, ఇంకోవైపు మెట్లు తగులుతాయి. నునుపు వైపే, ఇప్పుడక్కడ లేని అవతలి రాయి జరిగిన దిశ కావచ్చు. ఒక్క చోటుతో తేల్చేయకండి, నాలుగైదు చోట్ల చూడండి.

వాలు దిశ తెలియకపోతే తలం మీద నాలుగు చుక్కల నీళ్లు వదలండి. కారే దారే వాలు. దానికి అడ్డంగా ఉండే సమతల గీతే స్ట్రైక్. దిక్సూచితో ఆ గీతను రెండు కొసల నుంచీ చదవండి; రెండు అంకెల మధ్య తేడా 180 డిగ్రీలు రాకపోతే ముల్లు తప్పుతోందన్నమాట. డోలరైట్‌లో అయస్కాంత ఖనిజం ఉంటుంది. మొబైల్ దిక్సూచి కూడా దాని దగ్గర తప్పు చూపిస్తుంది, కవర్‌లో అయస్కాంతం ఉంటే ఇక చెప్పనక్కర్లేదు.

భూపాలపల్లి, రామగుండం వైపు వెళ్తే పని సులువు. గోదావరి లోయలోని బొగ్గు పట్టీ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగిన, ఫాల్టుల వెంట కుంగిన నేల. అక్కడ ఇసుకరాతి పొరలే గీతలు. రోడ్డు కోతల్లో ఒక ముదురు రంగు పొరను గుర్తుపట్టి పగులు దాకా వెంబడించండి. అవతల అదే పొర కిందనో పైననో దొరకాలి. మందం, గింజ పరిమాణం, రంగు మూడూ కలిస్తేనే అదే పొర అనుకోండి. ఓపెన్‌కాస్ట్ గనుల్లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, కానీ అనుమతి లేకుండా అంచుకు పోవద్దు. క్వారీల్లోనూ పేలుళ్ల వేళలు ముందే కనుక్కోండి.

బయలుదేరే ముందు జీఎస్ఐ (భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ) వారి భూకోశ్ వెబ్‌సైట్‌లో మీ ప్రాంతం భూగర్భ మ్యాపు, ఇస్రో వారి భువన్ వెబ్‌సైట్‌లో ఉపగ్రహ చిత్రం పక్కపక్కన పెట్టి చూడండి. తిన్నగా సాగే వాగు, చెట్ల వరుస కనిపిస్తే గుర్తు పెట్టుకోండి. మామూలు పగుళ్లు, డైకులు కూడా నీటిని పట్టి అలాంటి వరుసలే చేస్తాయి. కాబట్టి దగ్గరికి వెళ్లి, దాటుతున్న చార తప్పిందో లేదో చూశాకే మీ మ్యాపులో గీత గీయండి.