గ్రానైట్ వేయించే ముందు

చి. అమ్మాయికి,

ప్రభువు నామమున శుభములు. సంక్రాంతి సెలవుల్లో వచ్చి మా తాత సమాధి పగలగొట్టించి, గ్రానైట్‌తో కొత్తగా కట్టిస్తానన్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. మన పిల్లల్లో ఒకరికైనా ఆ సమాధుల దొడ్డి వైపు చూడాలనిపించినందుకు సంతోషం. డబ్బు మాత్రం అప్పుడే మేస్త్రీ చేతిలో పెట్టకు. ఆ రాయి మీద ఏముందో ఇప్పటిదాకా ఎవరూ పూర్తిగా చదివి రాసిపెట్టలేదు. పగలగొట్టాక చదవడానికి ఏమీ మిగలదు.

ఊళ్లో దిగగానే సమాధుల దొడ్డికి వెళ్లకు. నేరుగా మా అక్క దగ్గరికి వెళ్లు. పాలెంలో రాయి పెట్టించుకునే స్తోమత ఆ రోజుల్లో నాలుగైదు ఇళ్లకే ఉండేది, మిగతావన్నీ మట్టి దిబ్బలు. ఏ దిబ్బ ఎవరిదో, ఏ వేపచెట్టు కింద ఎవరున్నారో చెప్పగలిగింది ఇప్పుడు ఆవిడే. ఫలానా ఆయన ఏ సంవత్సరంలో పోయాడని అడిగితే తెలియదంటుంది. దివిసీమ తుపానుకు ముందా, తర్వాతా అని అడుగు, ఠక్కున చెబుతుంది. ఆ తుపాను 1977 నవంబరు 19న వచ్చింది, అక్కడి నుంచి లెక్క కట్టుకోవచ్చు. పాతకాలం వాళ్లు సంవత్సరాల పేర్లతో చెబితే మాత్రం జాగ్రత్త. మా తాత ధాత కరువులో పుట్టాడని మా నాన్న అనేవాడు. ధాత 1876లో వచ్చింది, మళ్లీ 1936లో వచ్చింది. ఏ ధాతో తేల్చుకోకుండా రాస్తే తాతకూ మనవడికీ ఒకే పుట్టిన ఏడు వస్తుంది! పక్కన కరువు అన్న మాట ఉంది కాబట్టి మనకు మొదటిదేనని నిశ్చయం.

ఆ తర్వాత పాత బైబిళ్లు. మొదటి ఖాళీ పేజీల్లోనో, పాత నిబంధనకూ కొత్త నిబంధనకూ మధ్యనో పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు రాసి ఉంటాయి. సిరా రంగు, చేతిరాత కూడా చూడు. ఏడుగురు పిల్లల పుట్టిన తేదీలు ఒకే సిరాతో, ఒకే చేత్తో వరసగా ఉన్నాయంటే అవి ఎప్పుడో తర్వాత కూర్చుని జ్ఞాపకం మీద రాసినవి. ఒక్కో తేదీకి రాత మారితే అవి అప్పటికప్పుడు రాసినవి, వాటిని ఎక్కువ నమ్ము.

ఇక సంఘం రిజిస్టరు. మనది బాప్టిస్టు సంఘం, పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. లూథరన్ల దగ్గరో, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) వాళ్ల దగ్గరో, కతోలికుల దగ్గరో దొరికినట్టు బిడ్డ పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు మన పట్టీలో దొరుకుతాయని ఆశపడకు. బాప్తిస్మం తీసుకున్న తేదీ ఉంటుంది, అప్పటికి ఆ మనిషికి ఇరవయ్యో నలభయ్యో ఏళ్లు. మరో మాట. ఒంగోలు చుట్టుపక్కల ఏ ఇంటికి వెళ్లినా, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర బాప్తిస్మం పొందిన 2222 మందిలో మా ముత్తాత ఒకడంటారు. మన ఇంట్లోనూ అంటారు. ఆ ఏడే ఆరు వారాల్లో ఎనిమిది వేల మందికి పైగా బాప్తిస్మం పొందారు. అందరికీ ఆ ఒక్క రోజే కావాలంటే ఎలా? కాగితంలో కనిపించేదాకా ఆ మాట రాయకు. కనిపించకపోతే పోయేదేమీ లేదు.

పేర్ల దగ్గర నీకు తల తిరుగుతుంది, ఇప్పుడే చెబుతున్నాను. కొందరు బాప్తిస్మంతో బైబిలు పేర్లు పెట్టుకున్నారు, కొందరు పెట్టుకోలేదు. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కాలంలో పేరున్న బోధకుడు యర్రగుంట్ల పేరయ్య చివరిదాకా పేరయ్యే, కాకపోతే ఇంగ్లిషు కాగితాల్లో పెరియా అయ్యాడు. కాబట్టి మనిషి పేరుతో కాకుండా ఇంటిపేరుతో, ఊరి పేరుతో వెతుకు. దాని మీద బడి పేరు ఒకటి. షెడ్యూల్డ్ కులాలపై 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులకు వర్తించదు, క్రైస్తవులమని రాయిస్తే ఆ రిజర్వేషను ఉండదు. అందువల్ల చాలా ఇళ్లలో చర్చిలో పిలిచే పేరు వేరు, బడి రిజిస్టరులో పేరు వేరు. ఇద్దరూ ఒకరేనని నీ నోటు పుస్తకంలో రాసుకో. బతికి ఉన్నవాళ్ల సంగతి మాత్రం ఫేస్‌బుక్‌లో పెట్టే వంశవృక్షంలోకి ఎక్కించకు. దాని వెనక ఉద్యోగాలున్నాయి, పిల్లల సీట్లున్నాయి.

సెంటు భూమి రిజిస్టరు చేయించి కొన్నా అమ్మినా సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు ఉంటుంది, అందులో తండ్రి పేరు రాయక తప్పదు. మన పెద్దల్లో బోధకుడో, బడి పంతులో, ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే బైబిల్ స్త్రీయో ఉంటే అట్లాంటాలోని అమెరికన్ బాప్టిస్టు హిస్టారికల్ సొసైటీ వాళ్లకు ఉత్తరం రాసి చూడు, మిషనరీల నివేదికలు, ఉత్తరాలు అక్కడ ఉన్నాయి. కూలి చేసుకున్నవాళ్ల పేర్లు ఆ నివేదికల్లోకి సాధారణంగా ఎక్కలేదు.

ఇప్పుడు సమాధి. అది ఇటుకా గానుగ సున్నంతో కట్టింది, తల వైపు కడప బండ. ఉదయం ఏడింటికల్లా అక్కడ ఉండు. ఎండ పక్కనుంచి పడి అక్షరాల గుంటల్లో నీడ నిలుస్తుంది, అప్పుడు ఫోటో తియ్యి. మిట్టమధ్యాహ్నం తీస్తే నల్ల పలక తప్ప ఏమీ కనపడదు. ఎండ లేకపోతే ఒక పెద్ద అద్దంతో పక్కనుంచి వెలుతురు కొట్టించు. పాత రాళ్ల మీద తెలుగు అంకెలు ఉంటాయి. ౨, ౩ అరిగితే ఒకదానికొకటి తేడా తెలియదు, రెండు మూడు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూడు. కనపడని అక్షరాన్ని సుద్దతో దిద్దకు, నీ ఊహే రేపు అసలు అక్షరంగా చలామణి అవుతుంది.

శుభ్రం చేయాలంటే మంచినీళ్లు, మెత్తటి కుంచె చాలు. ఇనప బ్రష్షు వద్దు. బాత్‌రూములు కడిగే ఆసిడ్ అసలే వద్దు. కడప బండ సున్నపురాయి జాతి, ఆసిడ్ తగిలితే అక్షరంతో సహా పైపొర కరుగుతుంది. ఇటుకల మధ్య మొలిచిన రావి మొక్కను పీకితే దాంతోపాటు గోడా వస్తుంది, మొదలంటా కోయించు, మళ్లీ చిగురిస్తే మళ్లీ కోయించు. పగుళ్లు సున్నంతోనే పూడ్పించు. మేస్త్రీ సిమెంటు గట్టిదంటాడు, నిజమే, గట్టిదవడమే అసలు చిక్కు. ఇటుక పీల్చిన తడి సున్నం గుండా బయటికి వచ్చి ఆరిపోతుంది. సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోయి తడి ఇటుకలోనే నిలుస్తుంది, ఉప్పు పొంగి ఇటుక పొడిగా రాలుతుంది. పైకి మాత్రం కొన్నేళ్లు నున్నగా ఉంటుంది. బాత్‌రూము టైల్స్ అతికించి, మధ్యలో రంగుల ఫోటో పెట్టించుకున్న సమాధులు ఆ దొడ్డిలోనే ఉన్నాయి, వెళ్లి కళ్లారా చూడు, నేను వ్యాఖ్యానించను. గ్రానైట్ మీద అంత మనసుంటే కాళ్ల వైపు చిన్న పలక ఒకటి నిలబెట్టించు. పాత రాయి మీది మాటలు అక్షరం మార్చకుండా చెక్కించి, కింద నీ పేరు, సంవత్సరం వేయించుకో. పాత రాయి దాని చోట అది ఉంటుంది.

మిగిలే డబ్బుకు అంతకన్నా పెద్ద పని ఉంది. ఆ దొడ్డి ఎవరి పేరున ఉందో ఊళ్లో ఎవరికీ తెలియదు. ఎప్పుడో ఎవరో నోటిమాటగా ఇచ్చిందో, పోరంబోకో. ఉత్తరం వైపు గట్టు ఏడాదికేడాది లోపలికి జరుగుతోంది, పొలం మాత్రం వెడల్పవుతోంది. సచివాలయంలో గ్రామ సర్వేయరును కలిసి సర్వే నంబరు, విస్తీర్ణం, రికార్డులో శ్మశానమని ఉందో లేదో కనుక్కో. నోటితో చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టు. కొలతలు వేయించి నాలుగు మూలలా రాళ్లు పాతిస్తే మన తాతతో పాటు రాయి లేని దిబ్బలన్నీ మిగులుతాయి. ఇది నువ్వు ఒక్కదానివే చేయకు, సంఘ పెద్దలతో తీర్మానం రాయించి వాళ్ల సంతకాలతో పెట్టించు. హైదరాబాదు నుంచి వచ్చిన అమ్మాయి అర్జీ అంటే గట్టు జరిపేవాళ్లకు లెక్క ఉండదు.

రాళ్లకు సంక్రాంతి దాకా తొందర లేదు. మా అక్కకు ఈమధ్య వినికిడి తగ్గింది, ఫోనులో అడిగితే విసుక్కుంటుంది. వీలైతే వచ్చే శనివారమే బయలుదేరు. మధ్యాహ్నం పడుకుంటుంది, పొద్దున్నే వెళ్లు. పాత ఫోటోలేమైనా ఉంటే చేతికివ్వు, మాట్లాడడం మొదలుపెడుతుంది. అడిగి ఫోనులో రికార్డు చేసుకో.

ఆశీస్సులతో,
నీ చిన్న తాతయ్య