పాండురోగం, అనీమియా, గోరుచుట్టు: ఒక యువ రచయిత్రికి లేఖ

చి. ప్రసన్నకు,

ఆశీస్సులు. రక్తహీనత (అనీమియా) గురించీ గోళ్ల జబ్బుల గురించీ నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మాటల పుట్టుక మీద నీకున్న మోజు నాకు నచ్చింది. కానీ మొదటి పేరాలోనే చిక్కు ఉంది. "అనీమియా అంటే గ్రీకులో రక్తం లేకపోవడం" అన్నావు, సరే. ఆ వెంటనే "కాబట్టి ఒంట్లో రక్తం తగ్గిపోవడమే ఈ జబ్బు" అని తేల్చేశావు. చాలామంది రోగుల్లో నెత్తురు దాదాపు ఉండాల్సినంతే ఉంటుంది. తక్కువయ్యేది అందులో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం డెసిలీటరుకు, అంటే వంద మిల్లీలీటర్ల నెత్తురుకు, అది ఆడవాళ్లలో 12 గ్రాములు, గర్భిణుల్లో 11 (మధ్య మూడు నెలల్లో 10.5), మగవాళ్లలో 13 కంటే తగ్గితే అనీమియా. నీ వాక్యం చదివిన ఇల్లాలు రక్తం ఎక్కించుకోవాలేమోనని టెన్షన్ పడుతుంది. ఆమెకు కావలసింది చాలాసార్లు ఐరన్ మాత్రలే.

జబ్బు పేరు చాలావరకు దాన్ని మొదట చూసినవాడి కంటికి ఏం ఆనిందో చెబుతుంది, అంతే. మన ఆయుర్వేదం పాండురోగం అంది. పాండు అంటే పాలిపోయిన రంగు, పాండురాజుకు పేరు తెచ్చిన రంగు. యూరప్ వైద్యులకేమో పాలిపోయిన ఆడపిల్లల ముఖంలో ఆకుపచ్చ ఛాయ కనిపించింది. లేత పచ్చకు గ్రీకు మాట క్లోరోస్, అందుకని క్లోరోసిస్ అన్నారు. 1554లో యోహానెస్ లాంగె అనే జర్మన్ వైద్యుడు దీన్ని కన్యల జబ్బుగా వర్ణించి, పెళ్లి చేస్తే తగ్గిపోతుందని సలహా ఇచ్చాడు. (నవ్వకు. పిల్ల నీరసంగా ఉంటే సంబంధాలు చూడమనేవాళ్లు మన వీధిలోనూ ఉన్నారు.) తర్వాతి శతాబ్దంలో ఇంగ్లండులో సిడెన్‌హామ్ అనే వైద్యుడు ఇనప రజను ద్రాక్షసారాలో నానబెట్టి తాగించాడు. మన వైద్యులు పాండురోగానికి వాడిన మండూర భస్మం కూడా ఇనప చిట్టెం నుంచి చేసేదే. హిమోగ్లోబిన్ సంగతి ఎవరికీ తెలియని రోజుల్లోనే మందు దారిలో పడింది. పేరు మాత్రం ఇంకా రంగు దగ్గరే ఉండిపోయింది.

తలసేమియా అనే మరో రకం రక్తహీనత కథ ఇంకా తమాషా. తలస్సా అంటే సముద్రం. మొదట్లో దీన్ని గుర్తించింది మధ్యధరా సముద్ర తీరం నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లల్లో కాబట్టి ఆ పేరు. అయితే సముద్రం మొహం చూడని వంశాల్లోనూ ఉంటుందది, పుట్టుకతో వచ్చేది గనక. పేరుకు అర్థం చెప్పి వదిలేస్తే పాఠకుడికి తప్పుదారి చూపినట్టే. కొడవలి కణం (సికిల్ సెల్) రక్తహీనత అన్న మాటకు మాత్రం ఆ బెడద లేదు. మైక్రోస్కోపులో కణం నిజంగానే కొడవలిలా వంగి కనిపిస్తుంది.

ఇక గోళ్లు. గ్రీకులో ఆనిక్స్ అంటే గోరు. దాని చుట్టూ ఎన్ని మాటలు అల్లారో చూడు. గోరు నిలువునా చిట్లితే ఆనికోరెక్సిస్, అందులో రెక్సిస్ అంటే పగలడం. కొన దగ్గర పొరలు పొరలుగా లేచిపోతే ఆనికోస్కిజియా, అంటే చీలడం. మధ్యలో గుంటపడి చెంచాలా అయితే కోయిలోనికియా, కోయిలోస్ అంటే బోలు. గోరు పక్కన వాచి చీము పడితే పారోనికియా, 'గోరు పక్కది'. మనం ఎవరినీ అడక్కుండానే దాన్ని గోరుచుట్టు అనేశాం, దాని మీద రోకటి పోటు కూడా వేశాం. అచ్చమైన మాట ఉన్నప్పుడు గ్రీకు ఎందుకు? మొదటి మూడింటికి చిట్లిన గోరు, పెచ్చులు లేచే గోరు, చెంచా గోరు అని రాయి. గ్రీకు పేరు ఒక్కసారి చెప్పి వదిలెయ్.

నువ్వు వీటన్నిటినీ రక్తహీనతకు కట్టేశావు. అది కుదరదు. ఐరన్ లోపంతో గట్టి చుట్టరికం ఉన్నది చెంచా గోరుకు. దాన్ని పాఠకుడికి చూపించడం తేలిక: గోరు మీద ఒక నీటి బొట్టు వేస్తే జారిపోకుండా ఆ గుంటలో నిలుస్తుంది. పెచ్చులు లేచే గోళ్లు మాత్రం ఎక్కువగా రోజంతా చేతులు నానుతూ ఆరుతూ ఉండేవాళ్లవి. అంట్లు తోమేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు. వాళ్లకు ముందు చెప్పాల్సింది చేతి తొడుగుల గురించి. గోళ్ల మీది తెల్లమచ్చలు క్యాల్షియం లోపమని నువ్వు రాసిన వాక్యం కొట్టెయ్. అవి చాలావరకు గోటి మొదట్లో తగిలిన చిన్న దెబ్బల గుర్తులు.

ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టడం అన్యాయం. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లండు వైద్యురాలు బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశోధించి, ఈస్టుతో చేసిన తిండితో అది తగ్గుతుందని చూపింది. 1941లో అమెరికాలో పాలకూర నుంచి, ఆ తిండిలో మందులా పనిచేసిన పదార్థాన్ని వేరు చేసినవాళ్లు దానికి లాటిన్‌లో ఆకు అనే అర్థమున్న ఫోలియం నుంచి పేరు పెట్టారు. దాన్ని లేబొరేటరీలో తయారుచేసిన లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీ బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. వ్యాసానికి ఇదే గుండెకాయ. చివర ఫుట్‌నోటులో పడేశావేం?

ఒక పని చెయ్. వచ్చే వారం మీ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గర్భిణుల పరీక్షలు జరిగే రోజున వెళ్లి బల్ల మీద కూర్చో. "నెత్తురు పట్టలేదమ్మా", "నాలుగు మెట్లెక్కితే ఆయాసం" అంటారు, రాసుకో. ఎవరో ఒకరు గొంతు తగ్గించి, బలపాలు తినబుద్ధవుతోందని చెబుతారు. ఐరన్ తగ్గినవాళ్లలో అది మామూలే. దానికి వైద్యంలో పైకా అని పేరు, ఏది పడితే అది ముక్కున కరుచుకునే ఒక పక్షికి లాటిన్ పేరది. నీ వ్యాసం ఆ బలపం దగ్గర మొదలుపెట్టు. పక్షి రెండో పేరాలో వచ్చినా ఫరవాలేదు.

తిరగరాసి పంపు. అంకెల పక్కన 'డెసిలీటరుకు గ్రాములు' మరిచిపోకు.

ఉంటాను.